12,000 డాలర్లు, ఒక ఫోను, ఏడు నెలల గడువు

ఉగాది అయిన దగ్గర నుంచి నాకు వస్తున్న ఫోన్లలో సగం ఒకే సంగతి మీద. "మీ సంఘానికి జాతి వివక్ష మీద పని చేయడానికి ప్రభుత్వం గ్రాంటు ఇచ్చిందట కదండీ, మమ్మల్ని కూడా దరఖాస్తు పెట్టమంటారా?" ఒకరు విండ్సర్ నుంచి, ఒకరు ఒట్టావా నుంచి, మరొకరు అంత దూరం ఎడ్మంటన్ నుంచి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒక చోట రాసి పెడితే మేలనిపించింది. పెట్టండి. తప్పకుండా పెట్టండి. అయితే ఆ డబ్బు ఏ పనికి అక్కరకొస్తుందో, ఏ పనికి రాదో ముందే తెలుసుకుని పెట్టండి.

మాది కెనడాలోని అంటారియో రాష్ట్రంలో ఒక మధ్యరకం ఊరు. మా తెలుగు సంఘంలో 70 కుటుంబాలు ఉన్నాయి. ఉగాది పచ్చడి, సంక్రాంతి ముగ్గులు, బతుకమ్మకు పూల కోసం చుట్టుపక్కల తోటలన్నీ తిరగడం, పదేళ్లుగా మేం చేస్తున్న పని ఇదే. నేను నాలుగేళ్లుగా కోశాధికారిని. పగలు మందుల గోదాములో లెక్కలు రాస్తాను, రాత్రి సంఘం లెక్కలు రాస్తాను. వివక్ష గురించి మాట్లాడే సంఘం కాదు మాది. ఒక చీర మీద పడిన మరక వల్ల మాట్లాడవలసి వచ్చింది.

2023 అక్టోబరులో, బాపట్ల దగ్గరి పల్లె నుంచి సూపర్ వీసా (తల్లిదండ్రులు ఎక్కువ కాలం ఉండడానికి ఇచ్చే వీసా) మీద కొడుకు ఇంటికి వచ్చిన ఒక పెద్దావిడ బస్‌స్టాపులో నిలబడి ఉన్నారు. మేమందరం ఆవిడను బాపట్ల అమ్మగారు అంటాం. ఒక పికప్ బండి ఆవిడ ముందు నెమ్మదించింది. లోపలి నుంచి ఎవరో అరుస్తూ కాఫీ కప్పు విసిరారు. ఆ మాటలు ఆవిడకు అర్థం కాలేదు, వాటిలోని కసి మాత్రం అర్థమైంది. ఇంటికొచ్చి చీరను బకెట్టులో నానబెట్టారు. ఎవరికీ చెప్పలేదు. మూడు రోజుల తర్వాత ఆరేసిన చీర మీద మరక చూసి కొడుకు అడిగితే అప్పుడు నోరు విప్పారు. ఆ తర్వాత చాలా నెలలు గడప దాటలేదు. కొడుకు నాకు ఫోను చేసి, "అక్కా, ఇది ఎవరికి చెప్పుకోవాలి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

కెనడా పోలీసుల దగ్గర నమోదైన విద్వేష నేరాలు 2019లో 1,951. 2023లో 4,777. జాతి, రంగు కారణంగా జరిగిన వాటిలో అందరికంటే ఎక్కువగా దెబ్బ తింటున్నది నల్లజాతి వారు. బాపట్ల అమ్మగారి కాఫీ మరక ఆ 4,777లో లేదు, ఎందుకంటే ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అలా చెప్పుకోని వాళ్లకు చెప్పుకునే చోటు ఒకటి ఏర్పాటు చేయాలన్నదే మా ఆలోచన. దానికి డబ్బు కావాలి. బతుకమ్మ చందాలతో అయ్యే పని కాదు.

దరఖాస్తు పెట్టే ముందు, అసలు ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కొంత చదువుకున్నాను. 2019 జూన్‌లో ఫెడరల్ ప్రభుత్వం 4.5 కోట్ల డాలర్లతో జాత్యహంకార వ్యతిరేక వ్యూహం ప్రకటించింది. 2020 అక్టోబరులో అందులోంచి 1.5 కోట్లు 85 ప్రాజెక్టులకు పంచింది. 2024 జూన్‌లో రెండో వ్యూహం వచ్చింది, 11.04 కోట్ల డాలర్లతో, 2028 వరకు. అదే ఏడాది సెప్టెంబరులో విద్వేషాన్ని ఎదుర్కోవడానికి ఆరేళ్లకు 27.36 కోట్ల ప్రణాళిక ఒకటి ప్రకటించారు. ఇవి కాక రాష్ట్రాలు, నగరాలు ఇచ్చే నిధులు వేరు.

నన్ను కదిలించినది మాత్రం ఈ కోట్లు కాదు, జపనీస్ కెనడియన్ల కథ. రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు 22,000 మందిని ఇళ్ల నుంచి వెళ్లగొట్టి, ఆస్తులు అమ్మేసి, శిబిరాల్లో పెట్టారు. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికి ఉన్న ప్రతి బాధితునికీ 21,000 డాలర్లు ఇచ్చింది. ఆ ఒప్పందంలోనే జాతి వివక్ష మీద పని చేయడానికి ఒక సంస్థ కోసం 2.4 కోట్ల డాలర్లు పక్కన పెట్టారు. అందులో సగం జపనీస్ కెనడియన్ల తరఫున ఇచ్చిన సొమ్ము. అదే 1997లో తలుపులు తెరిచిన కెనడియన్ రేస్ రిలేషన్స్ ఫౌండేషన్. దెబ్బ తిన్నవాళ్లు తమ పరిహారంలోంచి ముక్క తీసి, ఇంకెవరికీ ఇలా జరగకూడదని పెట్టారు. ఇలాంటి నిధులను ప్రభుత్వం వేసే భిక్షగా అనుకోవడం అప్పటితో మానేశాను. మా సంఘంలో కొందరు "సర్కారు డబ్బు మనకెందుకు" అన్నప్పుడు వాళ్లకు ఈ కథే చెప్పాను.

మేం తీసుకున్నది చిన్న సంఘాల కోసం ఉన్న ఒక నిధి. ఏ కార్యాలయమో ఇక్కడ రాయను. అక్కడ మంచివాళ్లున్నారు, నా ఫిర్యాదంతా పద్ధతి మీద.

మొదట దరఖాస్తు గురించి. 23 పేజీలు. సంఘం రిజిస్ట్రేషను, రెండేళ్ల లెక్కలు, ఇద్దరి సంతకంతో నడిచే బ్యాంకు ఖాతా, రెండు మద్దతు లేఖలు. ఇవన్నీ న్యాయమే. ప్రజల పన్నుల సొమ్ము అడుగుతున్నాం, చూపించాలి. సంఘం సభ్యులు ఎక్కడా విద్వేష వ్యాఖ్యలు చేయలేదని హామీ ఇచ్చే పేజీ కూడా ఒకటి ఉంది. దాని మీద మా కమిటీలో కొందరు నొచ్చుకున్నారు. నేను నొచ్చుకోలేదు. 2022లో ఒట్టావాలో పెద్ద గొడవ జరిగింది. 1,33,000 డాలర్లకు పైగా జాత్యహంకార వ్యతిరేక నిధి పొందిన సంస్థలో ఒక సలహాదారు యూదుల మీద దారుణమైన రాతలు రాశాడని బయటపడి, ఆ నిధిని రద్దు చేశారు. అలాంటిది జరిగాక ఎవరి చేతికి డబ్బు ఇస్తున్నారో చూసుకోకపోతేనే తప్పు.

నాకు చుక్కలు చూపించినది 14వ ప్రశ్న. "మీ ప్రాజెక్టు వల్ల కలిగే మార్పును ముందు, తర్వాత ఏ కొలమానంతో కొలుస్తారు?" వంటింటి గట్టు మీద కంప్యూటర్ పెట్టుకుని మూడు రాత్రులు దాని ముందే కూర్చున్నాను. ఒక పెద్దావిడ మళ్లీ బస్‌స్టాపుకు వెళ్లగలగాలి. దాన్ని ఏ కొలమానంతో కొలవాలి? మా ఊరి శ్రీలంక తమిళ సంఘంలో ఒక అక్క ఉన్నారు, ఇలాంటి కాగితాలు ఇరవై ఏళ్లుగా రాస్తున్నారు. ఆవిడ నా చిత్తుప్రతి చదివి, నేను రాసిన ఐదు కార్యక్రమాల్లో మూడు కొట్టేశారు. "డబ్బు కోసం పని పెంచకు. నువ్వు ఎలాగూ చేసే పనికి డబ్బు అడుగు" అన్నారు. మిగిలినవి రెండు. బస్సులో, వీధిలో, పనిచోట ఇలాంటిది ఎదురైతే ఏం చేయాలో నేర్పే తరగతులు, తెలుగులో మాట్లాడి సాయం చేసే ఒక ఫోను. దరఖాస్తు పెట్టబోయే ప్రతి వారికీ ఆవిడ మాటే చెబుతున్నాను.

18,000 అడిగాం. 12,000 ఇచ్చారు. తగ్గించినందుకు బాధ లేదు. కానీ ఒప్పందపత్రంలో మేం 18,000కు రాసిన పనంతా అలాగే ఉంది. డబ్బులో మూడో వంతు పోయినా పనిలో ఒక్క వంతూ తగ్గలేదు. నేను ఉత్తరం రాస్తే తగ్గించారు. రాయకపోతే అలాగే ఉండేది. మీరు సంతకం పెట్టే ముందు ఆ పేజీ వేలు పెట్టి చదవండి.

ఇక గడువు. దీని గురించే నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం. జనవరిలో దరఖాస్తు ఇచ్చాం. ఏప్రిల్‌లో చెబుతామన్నారు. ఇక్కడ ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం మన దగ్గరలాగే ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. మాకు ఉత్తరం వచ్చింది ఆగస్టు చివరి వారంలో. ఖర్చు మాత్రం మార్చి 31లోపు అయిపోవాలి, మిగిలిన డాలరు వెనక్కి ఇవ్వాలి. పన్నెండు నెలల పనికి ఏడు నెలలు మిగిలాయి, అందులో నాలుగు మంచు నెలలు. డెబ్బై ఏళ్ల వాళ్లను జనవరిలో జారే కాలిబాటల మీద తరగతులకు నడిపించాలి. వేసవి అంతా ఉత్తరం కోసం ఎదురుచూసి, చలిలో పరుగెత్తాం. దానికి తోడు ఆ ఏడాదిలో ఇద్దరు అధికారులు మారారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకున్నాం, మేమెవరం, బాపట్ల అమ్మగారెవరు అని.

డబ్బు దేనికి పనికొచ్చిందో చెప్పాలంటే గ్రంథాలయం నేలమాళిగలో ఒక శనివారం గురించి చెప్పాలి.

శిక్షకుడు జమైకాలో పుట్టిన ఒక పెద్దాయన. మా ఊళ్లో ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. ఆయనకు గంటకు ఇంత అని రుసుము ఇవ్వగలిగామంటే గ్రాంటు వల్లే. కుర్చీలను రెండు వరసలుగా వేసి బస్సు చేశారు. ఏ సీటులో కూర్చుంటే డ్రైవరుకు అద్దంలో కనిపిస్తామో కూర్చోబెట్టి చూపించారు. పక్కవారిని ఎవరైనా తిడుతుంటే తిట్టేవాడితో వాదనకు దిగకండి, తిట్లు పడుతున్నవారి పక్కకు వెళ్లి కూర్చోండి, టైమెంతయింది అని అడగండి, వాతావరణం గురించి మాట్లాడండి, వాళ్లు ఒంటరిగా లేరని తెలిస్తే చాలు అన్నారు. విశ్వవిద్యాలయంలో చదువుతున్న మా సంఘం అమ్మాయి ఒకతి వాక్యం వాక్యం తెలుగు చేసింది. పదిహేడు మంది వచ్చారు. నలుగురు సోమాలీ తల్లులు, ఇద్దరు పంజాబీలు, మిగతా అంతా మనవాళ్లు.

తర్వాత నంబరు పలకలు. అంటారియో బండ్ల మీద నాలుగు అక్షరాలు, మూడు అంకెలు ఉంటాయి. ఆయన అట్టముక్క మీద ఒక నంబరు రాసి మూడు సెకన్లు చూపించి తిప్పేశారు. కుర్రవాళ్లు తడబడ్డారు. వెనక వరసలో బాపట్ల అమ్మగారు, కొడుకు బతిమాలితే అన్ని నెలల తర్వాత మొదటిసారి కాలు బయటపెట్టిన మనిషి, "మూడు నాలుగు ఒకటి" అన్నారు. ఆయన అట్ట తిప్పి చూపించారు. 341. మరొకటి చూపించారు, అదీ చెప్పారు. ఎలా గుర్తుంటోందమ్మా అని అడిగితే, "యాభై ఏళ్లు పాల లెక్కలు రాశానమ్మా. అంకె కంటబడితే నన్ను వదిలిపోదు" అన్నారు. చేతిసంచీలోంచి చిన్న పుస్తకం తీసి తేదీ వేసి 341 అని రాసుకున్నారు. ఆ పుస్తకంలో అంతకు ముందు పేజీలన్నీ కూరగాయల ధరలు.

భోజనాల ఖర్చుకు గ్రాంటు ఒప్పుకోదు. టీ, బిస్కెట్ల వరకే. పెద్దవాళ్లను నాలుగు గంటలు కూర్చోబెట్టి అన్నం పెట్టకుండా పంపడం మన ఇళ్లలో ఎక్కడైనా ఉందా? పులిహోర, పెరుగన్నం వంతులవారీగా ఇళ్ల నుంచి తెచ్చాం. బస్సు టికెట్లకు మాత్రం డబ్బు ఇచ్చారు. అది చాలా పెద్ద మేలు. పిల్లలను చూసుకునే మనిషికి కూడా ఇచ్చారు. ఆ రెండూ లేకపోతే ఆ పదిహేడు మందిలో సగం మంది వచ్చేవారు కాదు.

ఇంకో తరగతి గురించి రాయకపోతే ఈ సమీక్షలో నిజాయితీ ఉండదు. యువతీయువకుల కోసం పెట్టిన తరగతిలో ఒక అబ్బాయి లేచాడు. ఇక్కడ ఎదురైన వివక్ష గురించి చెప్పమంటే మన సంక్రాంతి భోజనాల గురించి చెప్పాడు. "మొదటి ఏడాది వచ్చాను. కూర్చున్న అరగంటలో ముగ్గురు నా ఇంటిపేరు అడిగారు. చెప్పాను. మీది ఏ ఊరు అన్నారు. చెప్పాను. ఊళ్లో ఎటువైపు అన్నారు. ఆ మూడో ప్రశ్న ఎందుకు అడుగుతారో నాకు చిన్నప్పుడే తెలుసు. రెండో ఏడాది నేను రాలేదు." ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. అలవాటుగా అడిగాను. నాకు అలవాటైన ప్రశ్న అతనికి ఎలా తగిలిందో ఆ రోజు అతని ముఖంలో చూశాను.

దీని మీద ఒక తరగతి పెట్టాలని కమిటీలో అడిగాను. పెద్ద గొడవైంది. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారొకరు. జాత్యహంకారం మీద ఇచ్చిన డబ్బుతో కులం గురించి మాట్లాడితే లెక్క తప్పుతుందన్నారు మరొకరు. అధికారికి రాశాను. మర్నాడే జవాబు వచ్చింది. అంటారియో మానవ హక్కుల కమిషన్ 2023 అక్టోబరులో కుల వివక్ష మీద తన విధానాన్ని ప్రకటించింది, రాష్ట్ర మానవ హక్కుల చట్టం కింద కుల వివక్ష కూడా వివక్షే, నిరభ్యంతరంగా పెట్టండి అని. అంత వేగంగా, అంత సూటిగా ఆ కార్యాలయం నుంచి వచ్చిన జవాబు అదొక్కటే. ఆ అధికారికి నేను రుణపడి ఉంటాను. తరగతి పెట్టాం. ఇద్దరు కమిటీ సభ్యులు రాలేదు. ఆ అబ్బాయి వచ్చాడు.

ఇక ఫోను. నెలకు 35 డాలర్ల ఖర్చు. మా మొత్తం బడ్జెట్‌లో అన్నిటికంటే చిన్న పద్దు ఇదే. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు వంతులవారీగా ఎవరో ఒకరు ఎత్తేవాళ్లం. ఏడు నెలల్లో 31 మంది చేశారు. పోలీసుల దాకా వెళ్లింది ఒక్కటే. మిగతావి ఇల్లు చూపించి పేరు వినగానే అద్దెకు లేదన్న యజమాని, పిల్లాడి డబ్బా చూసి ముక్కు మూసుకున్న తరగతి పిల్లలు, పనిచోట యాసను వెక్కిరించే మేనేజరు, ఇలాంటివి. అంటారియోలో మానవ హక్కుల ట్రైబ్యునల్‌కు ఫిర్యాదు చేయాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపు చేయాలి. హ్యూమన్ రైట్స్ లీగల్ సపోర్ట్ సెంటర్ వారు ఉచితంగా న్యాయ సలహా ఇస్తారు. ఈ రెండు ముక్కలు తెలియక ఏడాది దాటబెట్టినవాళ్లు ఆ 31 మందిలో నలుగురు ఉన్నారు. ఆ నలుగురికి ఆలస్యమైపోయిందని చెప్పడం నాకు చాలా కష్టమైంది.

చాలామందికి ఏ ఫిర్యాదూ అక్కర్లేదు. తెలుగులో చెప్పుకోవాలి, అవతల ఒక మనిషి వినాలి, అంతే. ఒక విద్యార్థి నలభై నిమిషాలు మాట్లాడి, "మా అమ్మకు చెబితే వెనక్కి వచ్చేయమంటుందండీ, అందుకే మీకు చేశాను" అన్నాడు.

మార్చి 31 రాత్రితో ఆ ఫోనుకు డబ్బు ఆగిపోయింది. ఏప్రిల్ 2న ఒకావిడ చేశారు. ఎత్తాం. ఎత్తకుండా ఎలా ఉంటాం? అప్పటి నుంచి బిల్లు సంఘం ఖాతాలోంచి కడుతున్నాం. ఈ నిధి తయారుచేసినవారు అర్థం చేసుకోవలసింది ఇదే. వివక్షకు ఆర్థిక సంవత్సరం లేదు. సభ పెట్టడానికి, కరపత్రం అచ్చు వేయడానికి డబ్బు సులువుగా దొరుకుతుంది, ఎందుకంటే వాటికి మొదలు, చివర ఉంటాయి, ఫోటో ఉంటుంది. రోజూ సాయంత్రం ఫోను ఎత్తే మనిషికి డబ్బు దొరకదు. ప్రతి ఏడాదీ "కొత్తగా ఏం చేస్తారు?" అని అడుగుతారు. కొత్తది అక్కర్లేదు. ఉన్నదాన్ని ఆగనివ్వకూడదు.

చివరి నివేదికలో ఎంతమంది వచ్చారు, ఎన్ని కరపత్రాలు పంచారు, ఎంత శాతం మంది సంతృప్తి చెందారు అని గడులు ఉన్నాయి. "ఇతర వివరాలు" అన్న గడిలో 500 అక్షరాలకే చోటు. అందులో బాపట్ల అమ్మగారు ఫిబ్రవరి 11న ఒక్కరే బస్సెక్కి గుడికి వెళ్లి వచ్చారని రాశాను. మా గ్రాంటులో 10 శాతం ఈ నివేదిక ఆమోదించే వరకు ఆపి ఉంచారు. జూన్‌లో ఇచ్చారు. అప్పటిదాకా ఆ 1,200 డాలర్లు ముగ్గురం కమిటీ సభ్యులం చేతి నుంచి పెట్టుకున్నాం. ఖాతాలో నాలుగు డబ్బులు లేని సంఘాలు ఈ సంగతి ముందే చూసుకోవాలి. చిన్న సంఘాల కోసం పెట్టిన నిధిలో ఈ షరతు ఉండకూడదు.

రేటింగు ఇవ్వమంటే ఐదుకు మూడున్నర ఇస్తాను. పోయిన ఒకటిన్నరలో ఒకటి గడువుకే. ఉత్తరం ఏప్రిల్‌లోనే వచ్చి, గ్రాంటు రెండేళ్లకు ఇస్తే నాలుగున్నర ఇస్తాను.

దరఖాస్తు పెట్టేవారికి ఇంకో రెండు మాటలు. ఒంటరిగా పెట్టకండి. సోమాలీ తల్లుల బృందంతో కలిసి పెట్టడం వల్ల మాకు గది దొరికింది, మనుషులు దొరికారు. నల్లగా ఉన్న పిల్లను మన ఇళ్లలోనే ఏమేం అంటామో వాళ్ల ముందు కూర్చున్నప్పుడు గుర్తొచ్చి తల దించుకున్నవాళ్లూ మాలో ఉన్నారు, దాన్ని మార్చుకునే పని ఇంకా మొదలు కాలేదు. రెండోది, ప్రతి రసీదునూ ఆ రోజే ఫోటో తీసుకోండి. బస్సు టికెట్ల మీద సిరా మూడు నెలల్లో వెలిసిపోతుంది. నా దగ్గర తెల్ల కాగితాలు పదకొండు మిగిలాయి, వాటి డబ్బు రాలేదు.

బాపట్ల అమ్మగారు మార్చిలో ఊరికి వెళ్లారు, వచ్చే వేసవిలో మళ్లీ వస్తారు. ఈసారి రెండేళ్లకు ఇచ్చే నిధి ఒకటి దొరికింది, దానికి దరఖాస్తు రాస్తున్నాను. తమిళ అక్క చదివి ఈసారి ఏమీ కొట్టేయలేదు. బడ్జెట్ పట్టికలో మొదటి వరస ఫోను. నెలకు 35 డాలర్లు, 24 నెలలు, 840.